సోలింగెన్ ముద్రను ఎంతవరకు నమ్మాలి?
పాత జర్మన్ వేటచాకులు, బోవీ కత్తుల సేకరణపై ఒక సమీక్ష

1887 ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు సరుకుల ముద్రల చట్టం చేసింది. బ్రిటిష్ పేరునో గుర్తునో పోలిన ముద్రతో వచ్చే విదేశీ సరుకు మీద అది ఏ దేశంలో తయారైందో కూడా రాసి తీరాలన్నారు. ఆ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టినవాళ్ళలో షెఫీల్డ్ కత్తుల తయారీదారులు ముందున్నారు. జర్మనీలోని సోలింగెన్ నుంచి చవక కత్తులు, కత్తెరలు షెఫీల్డ్ పేరు తగిలించుకుని తమ బజార్లోకే వస్తున్నాయని వాళ్ళ ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. అంతకు పదకొండేళ్ళ ముందే, 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనకు జర్మనీ తరఫున వెళ్ళిన ఇంజనీరు ఫ్రాంజ్ రూలో తన దేశపు సరుకు చవకే గాని నాసిరకమని బాహాటంగా రాశాడు. జర్మనీలో అది పెద్ద దుమారమే లేపింది.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో కథ తిరగబడింది. తలవంపుగా ఉండాలని తగిలించిన ‘మేడిన్ జర్మనీ’ ముద్ర నాణ్యతకు హామీగా మారింది. ఇతరులు తమ కత్తుల మీద సోలింగెన్ పేరు కొట్టుకోవడం మొదలుపెట్టారు. దాన్ని ఆపడానికి 1938లో జర్మనీ ఆ ఊరి పేరును కాపాడే ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. 1994లో వచ్చిన నిబంధనల ప్రకారం తయారీలోని ముఖ్యమైన దశలన్నీ సోలింగెన్ నగరంలోనో, పక్కనున్న హాన్ పట్టణంలోనో జరిగిన కోత పరికరాల మీదే ఆ పేరు ఉండాలి. ఇంత చట్టం ఉన్నా, పాత కత్తుల బజార్లో సోలింగెన్ పేరుతో కనిపించే ప్రతిదీ ఆ ఊరిది కాదు.

పాత జర్మన్ మడత వేటచాకులను, బోవీ కత్తులను సేకరించేవాళ్ళు మొదటినుంచీ ముద్రల జాబితాలు పట్టుకునే నడిచారు. ఏ చెట్టు గుర్తు ఎవరిది, ఏ జంతువు బొమ్మ ఏ ఇంటిది, ఏ ఏడాదికి ఏ అక్షరాలు అన్న లెక్కతోనే ఈ రంగంలో చాలా పుస్తకాలు వచ్చాయి. ఆ శ్రమ విలువైనదే. కానీ ముద్ర చదివి కత్తిని నమ్మడం మొదలయ్యాకే ఈ రంగంలో మోసాలు పెరిగాయి. ముందు పని చూడాలి, ఆ పని చెప్పినదానికి ముద్ర సరిపోతుందో లేదో తర్వాత చూడాలి. కత్తి తయారైన పద్ధతి తెలిసినవాడికే అది సాధ్యం. అందుకని ముందు ఆ ఊరి గురించి చెప్పుకోవాలి.

ఊపర్ ఒడ్డున

సోలింగెన్ రైన్ నదికి తూర్పున కొండనేలలో ఉంది. ఊపర్ నది, దానిలో కలిసే వాగులు ఆ కొండల మధ్య నుంచి వేగంగా పారతాయి. ఆ నీటి వాలుకు చక్రాలు కట్టి సానరాళ్ళు తిప్పేవారు. ఒడ్డున ఉన్న ఆ సాన షెడ్లను అక్కడివాళ్ళు ‘కోటెన్’ అంటారు. బాల్క్‌హౌజర్ కోటెన్, విప్పర్ కోటెన్ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. 1374లో ఈ ఊరికి పట్టణ హోదా వచ్చింది. 1401లో సాన పట్టేవాళ్ళకు, ఉక్కును గట్టిపరిచేవాళ్ళకు సంఘంగా ఏర్పడే హక్కులు దక్కాయి. 1472లో కత్తులు సాగదీసే కమ్మరులకు, 1571లో చాకులు చేసేవాళ్ళకు కూడా అటువంటి హక్కులే వచ్చాయి. నెపోలియన్ కాలంలో, 1809లో, ఆ హక్కులు రద్దయ్యాయి గాని పని విభజన మాత్రం చెక్కుచెదరలేదు.

సేకరించేవాళ్ళు మొదట అర్థం చేసుకోవాల్సింది ఈ విభజననే. ఒక చాకు ఒక మనిషి చేతిలో పుట్టదు. సాగదీసేవాడు వేరు, కాల్చి ముంచి గట్టిపరిచేవాడు వేరు, సాన పట్టేవాడు వేరు. పిడి, స్ప్రింగు, రివెట్లు కూర్చి చాకుగా నిలబెట్టే కూర్పరి ఇంకొకడు. ఇందులో చాలామంది ఫ్యాక్టరీ కూలీలు కారు. సొంత ఇంటి వెనక షెడ్డులోనో, కోటెన్‌లో అద్దెకు తీసుకున్న సానరాయి దగ్గరో పని చేసేవారు. ఒక దశ నుంచి ఇంకో దశకు సరుకును ఆడవాళ్ళు గంపల్లో పెట్టుకుని నెత్తిన మోసుకెళ్ళేవారు. ఆ కొండదారుల్లో ఇనుము నిండిన గంపతో నడవడం మాటలు కాదు. ‘సరుకు చేరవేసే స్త్రీ’ విగ్రహాన్ని ఆ ఊరు గౌరవంగా నిలుపుకుంది. సాన పట్టేవాళ్ళ బతుకు ఇంకా కష్టం. ఇసుకరాతి సాన నుంచి లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని చాలామంది చిన్న వయసులోనే పోయేవారు. తిరుగుతున్న రాయి పగిలి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. పాత చాకు బ్లేడు మీద కనిపించే సన్నటి, సమానమైన గీతల వెనక ఆ మనుషులు ఉన్నారు. ధరల జాబితాలు వాళ్ళను మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ విభజన వల్ల సేకరణలో ఒక చిక్కు వచ్చిపడింది. ఒకే సాన పనివాడు నాలుగు కంపెనీలకు పని చేసేవాడు. ఒకే కూర్పరి ఇంట్లో తయారైన చాకులు మూడు పేర్లతో బజారుకు వెళ్ళేవి. అమెరికాలోని దిగుమతి వర్తకులు తమ సొంత గుర్తులతో సోలింగెన్‌లో చేయించుకునేవారు. టెన్నెసీకి చెందిన ఫైటింగ్ రూస్టర్ అటువంటిదే. కోడిపుంజు గుర్తు అమెరికాది, చాకు పని మాత్రం సోలింగెన్‌లోని ఓల్‌బెర్ట్జ్ వాళ్ళది. గొప్ప పేరున్న ఇంటి చాకుకు ఇచ్చే ధరలో సగం కూడా ఇవ్వకుండా అదే చేతిపనిని అనామక ముద్ర కింద కొనుక్కోవచ్చని చాలామంది ఆలస్యంగా గ్రహిస్తారు.

చాకు విప్పి చూస్తే

జర్మన్ మడత వేటచాకును ఒకదాన్ని చేతిలోకి తీసుకుందాం. మూసి ఉన్నప్పుడు జానెడు కన్నా తక్కువ పొడవు. పిడికి రెండువైపులా కొమ్ము చెక్కలు, రెండు చివరలా తెల్లటి లోహపు టోపీలు. ఆ లోహం మనకు కొత్తది కాదు. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం, మన పూజగదుల్లో జర్మన్ సిల్వర్ అనే పేరుతో కనిపించేది అదే. వెండి అందులో రవ్వంత కూడా లేదు.

పెద్ద బ్లేడు విప్పితే చివర్లో ‘టక్’మని గట్టిగా పడాలి. అలా పడిందంటే స్ప్రింగు ప్రాణంతో ఉన్నట్టు. చాలావాటిలో వెనక తాళం ఉంటుంది, పిడి వీపున నొక్కితే గాని బ్లేడు మూతపడదు. రెండోది రంపం. దాని పళ్ళు కర్ర కోయడానికి కాదు, వేటలో పడిన జింక కటి ఎముకను కోయడానికి. మూడో బ్లేడు చూడగానే తెలియనివాళ్ళు అది విరిగిపోయిందనుకుంటారు. కొస గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. పొట్ట చీల్చేటప్పుడు లోపలి పేగు తెగి మాంసం చెడిపోకుండా ఆ మొద్దు కొసను లోపలికి తోసి, పదునున్న భాగంతో తోలును పైకి కోస్తారు. ఆపైన సీసా బిరడా తీసే మెలి. వేట ముగిశాక వైన్ తాగడం అక్కడి ఆచారంలో భాగం.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైనది పిడి ఒక చివరన ఉండే రెండు అర్ధచంద్రాకారపు గంట్లు. ఒక గంటు 12 గేజి తూటాకు, ఇంకొకటి 16 గేజి తూటాకు. పాత రోజుల్లో షాట్‌గన్ తూటాల గొట్టం కాగితంతో చేసేవారు. వానలోనో మంచులోనో తడిస్తే అది ఉబ్బి గొట్టంలోనే బిగుసుకుపోయేది. ఆ గంటును తూటా అంచుకు తగిలించి లాగితే బయటికి వచ్చేది. 1960ల నుంచి ప్లాస్టిక్ తూటాలు రావడంతో ఆ గంటు అవసరం పోయింది. అయినా కొంతకాలం అలవాటుగా పెడుతూనే వచ్చారు. ఒక చాకు మీద ఆ గంట్లు వాడకం వల్ల నునుపు తేలి ఉంటే అది నిజంగా వేటకు వెళ్ళొచ్చిన చాకు. గంట్ల అంచులు ఇంకా కరుగ్గా, పెద్ద బ్లేడు మాత్రం సన్నగా అరిగి ఉంటే ఎవరో వంటింట్లో వాడి ఉంటారు. ఇటువంటి సాక్ష్యం ఏ ముద్ర కూడా ఇవ్వదు.

ఈ రకానికి దగ్గరి చుట్టం నిక్కర్. మడవని, ఒరలో ఉండే చిన్న వేటకత్తి. బవేరియాలో తోలు నిక్కరు పక్కజేబులో దాన్ని పెట్టుకోవడం నేటికీ సంప్రదాయ వేషంలో భాగం. దాని అసలు పని గాయపడి బాధపడుతున్న జంతువును మెడ వెనక ఒక్క పోటుతో ముగించడం. వేట అంటేనే ఇష్టం లేనివాళ్ళు కూడా ఈ కత్తుల్ని చూసేటప్పుడు ఒకటి గమనించాలి. వీటిలోని చాలా భాగాలు జంతువుకు బాధ తక్కువగా, మాంసం వృథా కాకుండా ఉండాలన్న లెక్కతోనే పుట్టాయి.

పేరున్న ఇళ్ళ విషయానికొస్తే, 1731లో జంట మనుషుల గుర్తును నమోదు చేసుకున్న హెంకెల్స్ అన్నింటికీ పెద్దన్న. 1769 నాటి పూమా, 1834 నాటి రాబర్ట్ క్లాస్, 1869లో సోలింగెన్‌లో మొదలైన బోకర్, 1888 నాటి ఆంటన్ వింగెన్, 1932లో కూనో రిట్టర్ స్థాపించిన హుబర్టుస్ వరసగా వస్తాయి. మడత వేటచాకుల్లో మొదటిసారి కొనేవాళ్ళకు నేను హుబర్టుస్ పేరే చెబుతాను. ఆ ఇల్లు వేటచాకుల మీదే ప్రత్యేక శ్రద్ధ పెట్టింది, బజార్లో విరివిగా దొరుకుతాయి, స్ప్రింగులు గట్టివి. పూమాకు ఉన్న పేరు దాని ఒరకత్తుల వల్ల వచ్చింది. ముఖ్యంగా 1956లో తూర్పు ఆఫ్రికా వేటగాళ్ళ సలహాతో రూపొందించిన వైట్ హంటర్ దానికి ప్రాణం.

బోవీ అనే పేరు వెనక

బోవీ కత్తి పుట్టుక జర్మనీది కాదు. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలోని ఒక ఇసుకతిన్నె మీద ఇద్దరి మధ్య పిస్తోళ్ళ పోటీ జరిగింది. పోటీ రక్తం చిందకుండానే ముగిసింది గాని వచ్చిన పక్షాల మధ్య కొట్లాట మొదలైంది. తూటా గాయాలు, పోట్లు తగిలినా జేమ్స్ బోవీ తన పెద్ద కత్తితో నారిస్ రైట్ అనే ప్రత్యర్థిని చంపాడు. పత్రికలు ఆ కథను దేశమంతా మోసుకెళ్ళాయి. ఆ కత్తిని తానే చేశానని జేమ్స్ అన్న రెజిన్ బోవీ 1838లో ఒక పత్రికకు రాశాడు. తొమ్మిదింపావు అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ఒకవైపే పదును, వంపు లేని బ్లేడు అన్నది ఆయన వర్ణన. అంటే చూడ్డానికి మాంసం కొట్టులో కత్తిలాంటిది. ఇవాళ మనకు తెలిసిన, వీపువైపు చివర వంపుగా కోసినట్టుండే మొన ఆ వర్ణనలో లేదు. 1836 మార్చి 6న అలమో కోటలో జేమ్స్ బోవీ చనిపోయాడు. ఆయన కత్తి ఏమైందో తేల్చే రుజువు దొరకలేదు. టెక్సాస్‌లో స్థిరపడ్డ మనవాళ్ళు సాన్ ఆంటోనియో వెళ్ళినప్పుడు అలమో చూసే ఉంటారు. అక్కడి దుకాణాల్లో అమ్మే కత్తుల ఆకారం ఆ రోజుల తర్వాత పుట్టినదని గుర్తుంచుకుంటే చాలు.

పేరు పాకడంతో భయం కూడా పాకింది. 1837లో అలబామా బోవీ కత్తి అమ్మకం మీద వంద డాలర్ల పన్ను వేసింది, 1838లో టెన్నెసీ అమ్మకాన్నే నిషేధించింది. టెక్సాస్‌లో ఆ కత్తి వెంట పెట్టుకుని తిరగడం మీద ఉన్న నిషేధం 2017 దాకా కొనసాగింది. ఇంత గిరాకీ ఉన్న సరుకును 19వ శతాబ్దంలో ప్రధానంగా అందించింది షెఫీల్డ్. వోస్టెన్‌హోమ్, జోసెఫ్ రాడ్జర్స్ వంటి ఇళ్ళు అమెరికా కోసం వేలాదిగా పంపాయి. ఆ తరం బోవీలు నేడు మ్యూజియం స్థాయి వస్తువులు, మామూలు సేకర్తకు అందవు.

జర్మన్ బోవీల కాలం ఎక్కువగా 20వ శతాబ్దంలోనిది. 1952లో అలన్ లాడ్ నటించిన బోవీ సినిమా, 1954-55లో డిస్నీ చూపించిన డేవీ క్రాకెట్ కలిసి అమెరికా పిల్లల్లో, పెద్దల్లో ఆ కత్తి మీద మోజు మళ్ళీ రగిలించాయి. సోలింగెన్ ఆ మోజును అందుకుంది. కొమ్ము పిడి, ఇత్తడి అడ్డం, తోలు ఒర, బ్లేడు మీద ‘ఒరిజినల్ బోవీ నైఫ్’ అని చెక్కిన అక్షరాలతో లిండర్, ఎడ్జ్ బ్రాండ్ వంటి పేర్ల కింద లెక్కలేనన్ని వెళ్ళాయి. ఆ అక్షరాలు చూసి మురిసిపోవద్దు. అవి అమ్మకం కోసం పెట్టిన మాటలు, చరిత్రకు సాక్ష్యం కావు. అయితే వాటిలో చాలావరకు నిజంగా మంచి కత్తులు, ముఖ్యంగా ఐదారు అంగుళాల బ్లేడు ఉన్నవి. పూమా బోవీ, మోడల్ సంఖ్య 6396, ఈ వరసలో పనితనంలో ముందుంటుందని నా నమ్మకం. దాని సమతూకం చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. అడ్డం దగ్గర బరువు ఆగుతుంది, మొన గాలిలో తేలినట్టుంటుంది.

ముద్రలు చెప్పేవి, చెప్పనివి

ఇంత చెప్పాక ముద్రలను పక్కన పడేయమని అనడం లేదు. తేదీకి అవి చాలా ఉపయోగం. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం వల్ల దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరైంది. కాబట్టి అమెరికాకు వెళ్ళిన చాకు మీద ‘జర్మనీ’ అని ఉంటే సాధారణంగా అది ఆ తర్వాతిదే. తుప్పు పట్టని ఉక్కుకు జర్మన్లు ‘రోస్ట్‌ఫ్రై’ అని కొడతారు. క్రుప్ కంపెనీ పేటెంటు 1912ది, కత్తుల మీద ఆ మాట కనిపించేది 1920ల నుంచి. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949-1990 మధ్యది. పూమా 1964 నుంచి ఒరకత్తుల అడ్డం మీద నియంత్రణ సంఖ్య కొట్టింది, ఆ సంఖ్యల పట్టికలతో తయారీ కాలాన్ని తెలుసుకోవచ్చు. బ్లేడు మీద సూదిమొనంత గుంట కనిపిస్తే లోపమనుకోవద్దు, ఉక్కు గట్టిదనాన్ని కొలిచిన యంత్రం వదిలిన గుర్తు అది.

ఇక ముద్ర దారి తప్పించే చోట్లు. బోకర్ చెట్టు గుర్తు ఉంటే జర్మన్ అనుకోవడం సులువు. కానీ బోకర్ వర్తకులు అమెరికాలోనే సొంత తయారీ నడిపారు, యుద్ధకాలంలో అక్కడ ఆ గుర్తు మీద హక్కు సోలింగెన్ చేతుల్లోంచి జారింది, 1986 దాకా తిరిగి రాలేదు. చెట్టు కింద ‘సోలింగెన్’ లేకపోతే ఆగి ఆలోచించాలి. ఇటీవలి పూమా కత్తుల్లో ‘ఎస్‌జీబీ’ అన్న మూడక్షరాలుంటే జర్మన్ ఉక్కుతో చేసి చైనాలో కూర్చినది, ‘ఐపీ’ అని ఉంటే స్పెయిన్‌లో చేసినది. కంపెనీ ఇవి దాచలేదు. తిరిగి అమ్మేవాళ్ళే ఆ అక్షరాలు ఫోటోలో కనపడకుండా జాగ్రత్తపడతారు.

ముద్రలను అరువు తెచ్చుకోవడం సోలింగెన్‌కు కొత్త కూడా కాదు. పాసావ్ పట్టణపు కమ్మరులు పరుగెత్తే తోడేలు బొమ్మను బ్లేడు మీద చెక్కేవారు. సోలింగెన్ కమ్మరులు ఆ తోడేలునే తమ కత్తుల మీద వేసుకున్నారు. ఆ తర్వాత దూరదేశాల కమ్మరులూ వేసుకున్నారు. మన దక్కన్‌లో ఫిరంగి అని పిలిచిన కత్తులకు యూరప్ బ్లేడులే వాడేవారు, పిడి మాత్రం మనది. వాటిలో జర్మన్ బ్లేడులూ ఉన్నాయి. ముద్రను బట్టి ఊరు తేల్చలేమన్న ఈ పాఠం మనవాళ్ళకు మూడు వందల ఏళ్ళ కిందటే ఎదురైంది.

1944 నవంబరు 4, 5 తేదీల బాంబు దాడుల్లో సోలింగెన్ పాత నగరం నేలమట్టమైంది. కార్ఖానాలతోపాటు పాత క్యాటలాగులు, ఆర్డరు పుస్తకాలు చాలా కాలిపోయాయి. అందువల్ల కొన్ని ఇళ్ళ విషయంలో కాగితం ఆధారం ఎప్పటికీ దొరకదు. అక్కడ మిగిలేది కత్తి ఒక్కటే. సోలింగెన్‌లోని గ్రాఫ్రాత్‌లో పాత మఠంలో ఉన్న జర్మన్ బ్లేడ్ మ్యూజియం అందుకే ముఖ్యం. అక్కడ వరసగా పెట్టిన కత్తుల మధ్య నిలబడి చూస్తే ఏ కాలపు పని ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

నాజీ కాలపు బాకుల గురించి ఒక్క మాట. ఇవే ఇళ్ళలో కొన్ని వాటిని చేశాయి. 1934 వేట చట్టం నాటి సంఘాల చిహ్నాలతో వేటకత్తులూ వచ్చాయి. ఆ గుర్తులున్న సరుకుకు బజార్లో గిరాకీ ఎక్కువ, యుద్ధం తర్వాత మిగిలిన భాగాలతో కూర్చిన నకిలీలు అంతకన్నా ఎక్కువ. ఆ చిహ్నాలను బహిరంగంగా చూపడం జర్మనీలో నేరం. వాటిని వేటచాకుల సేకరణలో కలపడం నాకు సమ్మతం కాదు. చరిత్ర పరిశోధకుడి చేతిలో ఉండాల్సినవి అలంకారంగా గోడకెక్కకూడదు.

కణుజు కొమ్ము

ఈ జర్మన్ కత్తుల్లో మన దేశపు భాగం ఒకటి ఉంది, అది పిడిలో ఉంది. యూరప్ ఎర్రజింక కొమ్ము లోపల గుల్లగా ఉంటుంది. మనవాళ్ళు కణుజు అనీ కణితి అనీ పిలిచే సాంబర్ జింక కొమ్ము మధ్యలో చాలావరకు గట్టిగా ఉంటుంది. రివెటు దిగినా పగలదు, సానకు నిలుస్తుంది. నల్లమలలోనూ తిరిగే జంతువే అది. మన అడవుల్లో రాలిపడిన కొమ్ములను ఏరి అమ్మేవారు. అవి ఓడలెక్కి షెఫీల్డ్‌కు, సోలింగెన్‌కు, అమెరికాకు చేరేవి. ముదురు గోధుమరంగు బెరడులాంటి పైపొర, గీరిన చోట దంతంలా తేలే లేతరంగు చూస్తే ఆ కొమ్మును గుర్తుపట్టొచ్చు. 1990ల చివర్లో మన ప్రభుత్వం కొమ్ముల ఎగుమతిని ఆపేసింది. అక్కడి తయారీదారులు గీతలు చెక్కిన ఎముకకు, ఎర్రజింక కొమ్ముకు మళ్ళారు. అప్పటినుంచి కణుజు కొమ్ము పిడి ఉన్న పాత చాకు ధర పెరుగుతూ వచ్చింది. రాలిన కొమ్ముల పేరుతో వేట సాగే ప్రమాదం ఎప్పుడూ ఉంది కాబట్టి ఆ నిషేధం సరైనదే. పాత చాకులకు కొత్త కొమ్ము చెక్కలు వేసి అమ్మేవాళ్ళ దగ్గర కొనకపోవడం మన వంతు.

కొమ్ము పాతబడితే కుంచించుకుపోతుంది. లోహపు టోపీకి, కొమ్ముకు మధ్య వెంట్రుకవాసి సందు ఉండడం వయసుకు సహజం. సందు అసలే లేకుండా, రివెట్ల తలలు మెరుస్తూ ఉంటే పిడి మార్చారేమో అని అనుమానించాలి.

ఇంట్లో, చట్టంలో

పాత కత్తికి పెద్ద శత్రువు దాన్ని శుభ్రం చేసే మనిషే. యంత్రపు బఫ్‌తో మెరుగు పెడితే సాన గీతలు చెరిగిపోతాయి, ముద్ర అంచులు మెత్తబడతాయి, ధర సగానికి పడుతుంది. మామూలు ఉక్కు మీద ఏళ్ళ తరబడి పట్టిన బూడిద నలుపు దానికి రక్షణ, దాన్ని వదిలేయాలి. ఎర్రటి తుప్పును మాత్రం నూనె తడిపిన గుడ్డతో ఓపిగ్గా తీయాలి. వంటనూనె వద్దు, జిగురు కట్టి స్ప్రింగును బిగించేస్తుంది. కుట్టుమిషను నూనె చాలు. తోలు ఒరలో కత్తిని దాచకూడదు, తోలుకు పెట్టిన రసాయనాలు తేమతో కలిసి బ్లేడును తింటాయి. విశాఖ, మచిలీపట్నం గాలిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. సెల్యులాయిడ్ పిడి ఉన్న చాకును మిగతావాటికి దూరంగా ఉంచాలి. అది పాతబడి కుళ్ళేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న ఉక్కునంతా తుప్పు పట్టిస్తుంది.

మన దేశంలో ఆయుధాల చట్టం 1959ది, దాని కింద నియమాలు 2016వి. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులు ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ అవసరాల కోసం చేసినవి కాకపోతే ఆ నియమాల ఐదో వర్గంలోకి వస్తాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. పెద్ద బోవీలు కొన్ని ఈ కొలత దాటతాయి. విదేశం నుంచి తెప్పించే ముందు కస్టమ్స్ నిబంధనలు, కొమ్ము పిడి అయితే వన్యప్రాణి చట్టం నిబంధనలు కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో పెట్టి పంపించమనడం వాళ్ళను ఇబ్బందిలో పడేయడమే.

జర్మనీలోనూ చట్టం బిగిసింది. 2024 ఆగస్టు 23న, పట్టణ హోదా వచ్చి 650 ఏళ్ళైన సందర్భంగా జరుగుతున్న వేడుకలో, సోలింగెన్ నడిబొడ్డున ఒక దుండగుడు కత్తితో ముగ్గురిని చంపాడు, ఎనిమిది మందిని గాయపరిచాడు. ఆ ఏడాది అక్టోబరు ముగిసేలోగా బహిరంగ ఉత్సవాల్లో కత్తులు పెట్టుకోవడాన్ని, మీట నొక్కితే తెరుచుకునే చాకుల్ని కొద్ది మినహాయింపులతో నిషేధించారు. ఈ పాత చాకుల మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఆ బాధను పక్కన పెట్టి మాట్లాడలేరు. సేకరణ ఇంట్లో, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. జేబులో, కారులో కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా ఇది. చట్టం కుదిరినచోట, ‘వెస్ట్ జర్మనీ’ కాలపు మడత వేటచాకు ఒకటి, రంపం, తూటా గంటు ఉన్నది, పేరున్న ఇంటిది కాకపోయినా పరవాలేదు, కొనండి. కొనేముందు ప్రతి బ్లేడూ విప్పి మూసి, మధ్యగీతలో పడుతుందో లేదో చూడండి. కొలతలూ ఫోటోలూ పంపడానికి వెనకాడే అమ్మకందారుణ్ణి వదిలేయండి. ఇక, మీ ఇంట్లో తాతల కాలం నాటి సోలింగెన్ కత్తో చాకో ఉంటే దయచేసి దాన్ని సాన పట్టించకండి. నూనె గుడ్డతో తుడిచి, అది ఎవరిది, ఎక్కడినుంచి ఎప్పుడు వచ్చింది, దేనికి వాడారు అన్నది ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాసి దానితోపాటే భద్రపరచండి.